తరావా: నాలుగడుగుల నీళ్ల లెక్క

(కాకినాడలో మా లైబ్రరీ ఆదివారం మీటింగ్‌లో ఒక రిటైర్డ్ పోర్టు ఉద్యోగి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు అడుగుతున్నారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆయన మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారమండి. వెనకాలవాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను ఒకటి తగ్గించండి బాబూ, మైకులోకి గాలి చప్పుడే వస్తోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ముందే చెప్పేస్తున్నా, నేను హిస్టరీ లెక్చరర్ని కాదు, మిలిటరీలో చెయ్యలేదు. ఇక్కడే మన యాంకరేజ్ పోర్టులో ముప్పై ఏళ్ల పైన బార్జీల దగ్గర పనిచేసి రిటైరయ్యాను, అంతే. మరి నాకెందుకండీ ఎక్కడో పసిఫిక్ సముద్రంలో తరావా అనే చోట, రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో అమెరికా, జపాన్ చేసుకున్న యుద్ధం గొడవ? ఎందుకంటే ఒకసారి ఆ యుద్ధం గురించి చదువుతుంటే, పడవలు నీళ్లు చాలక ఆగిపోయాయి అని ఒక్క ముక్క కనపడింది. అక్కడితో పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఎందుకంటే ఆ ముక్క నాకు తెలుసు. ఆ యుద్ధం తెలీదు గానీ ఆ ముక్క తెలుసు.

ఒక చిన్న సంగతి చెప్తా. మన దగ్గర పెద్ద ఓడ ఒడ్డుకి రాదు కదా, దూరంగా లంగరేస్తుంది, సరుకు బార్జీల్లో కాలవ నుంచి వెళ్తుంది. ఒకసారి బియ్యం బస్తాలు, నిండా లోడు. ఏజెంటు, పేరెందుకులెండి, ఈ పూటే ఓడ దగ్గరికి చేరాలి అని ఒకటే తొందర. మా సరంగు, అంటే బార్జీ నడిపే పెద్దాయన, చదువుకోలేదు, ఆయన ఆకాశం కేసి చూసి ఏమన్నాడంటే "ఈవేళ అష్టమండి, పోటు పెద్దగా రాదు, మొగ దగ్గర తన్నేస్తాం" అన్నాడు. మొగ అంటే కాలవ సముద్రంలో కలిసే చోటు, తన్నేస్తాం అంటే అడుగు నేలకి తగిలి ఆగిపోతాం అని. ఏజెంటు వింటాడా? పోర్టు టైమ్ టేబుల్ చూపించాడు, పోటు ఇన్ని గంటలకి అని అందులో ఉంది కదా అన్నాడు. పోటు టైముకే వచ్చిందండి, కానీ ఎత్తు రాలేదు. మొగ దగ్గర ఇసుకలో కూర్చుంది బార్జీ. ఐదు గంటలు. ఎవడికీ ఏం కాలేదు, డబ్బులు పోయాయి, తిట్లు తిన్నాం, రాత్రికి బయటపడ్డాం.

ఇప్పుడు అదే బార్జీలో బియ్యం బస్తాల బదులు మనుషులున్నారు అనుకోండి. ఎదురుగా ఒడ్డు మీద మెషిన్ గన్‌లు ఉన్నాయి అనుకోండి. అదండి తరావా.

తరావా అంటే ఎక్కడ? భూమధ్యరేఖకి ఆనుకుని, కొంచెం పైన, గిల్బర్ట్ దీవులని ఉన్నాయి, ఇప్పుడు కిరిబాటి అనే దేశం. పగడపు దీవులు, అంటే ఒక హారంలాగా చిన్న చిన్న దీవులు చుట్టూ, మధ్యలో లగూన్, ప్రశాంతంగా ఉండే మడుగు. ఆ హారంలో ఒక పూస పేరు బేషియో. ఇంగ్లిష్‌లో రాసింది చూస్తే మనం బేటియో అని చదువుతాం, అక్కడివాళ్లు బేషియో అంటారు. ఎంతుంటుంది? మొత్తం కలిపి మూడొందల ఎకరాలు కూడా లేదు. పొడవు మూడు, మూడున్నర కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువున్న చోటే ఏడెనిమిదొందల గజాలు. మన హోప్ ఐలాండ్ కంటే చిన్నది అనుకోండి. ఆ మూడొందల ఎకరాల కోసం 76 గంటల్లో రెండు వైపులా కలిపి ఆరు వేల మంది దాకా చచ్చిపోయారు.

ఎందుకు అంటారా? దాని మీద ఎయిర్‌స్ట్రిప్ ఉంది. పసిఫిక్ యుద్ధమంతా ఎయిర్‌స్ట్రిప్‌ల యుద్ధమే. జపాన్ 1941 డిసెంబర్‌లో ఈ దీవుల్లోకి వచ్చింది. మనకీ వాళ్లు కొత్తేం కాదు, 1942 ఏప్రిల్ 6న ఇదే కాకినాడ మీద, విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులేశాయి కదా, మా ఇంట్లో పెద్దవాళ్లు సామాను బళ్లకెత్తి లోపలి ఊళ్లకి పోయిన కథలు నా చిన్నప్పుడు బాగా చెప్పేవారు. సరే. అమెరికా అడ్మిరల్ నిమిట్జ్ ప్లాన్ ఏంటంటే, సెంట్రల్ పసిఫిక్‌లో ఒక్కో దీవి పట్టుకుంటూ పడమటికి వెళ్లాలి. మార్షల్ దీవులు కావాలి, వాటికి ముందు గిల్బర్ట్‌లు కావాలి.

ఇక్కడో తమాషా ఉందండి. బేషియోలో మొదట్లో అంత పెద్ద కోట లేదు. 1942 ఆగస్టులో అమెరికన్ మెరైన్లు, అంటే ఓడల్లోంచి దిగి పోరాడే సైనికులు, పక్కనున్న మేకిన్ దీవి మీద సబ్‌మెరైన్లలో వచ్చి ఒక చిన్న దాడి చేసి వెళ్లిపోయారు. పేపర్లలో బాగా పేరొచ్చింది. కానీ జపాన్‌వాళ్లకి ఏమర్థమైంది? ఓహో, వీళ్లు ఇక్కడికి కూడా వస్తారన్నమాట అని. అప్పట్నుంచి ఏడాది పైగా బేషియోని కట్టడమే పని. తేనెతుట్టెని కదిపి, ఏడాది ఆగి, మళ్లీ అదే తుట్టెలో చెయ్యి పెట్టారు.

ఏం కట్టారు? ఇది కోనసీమవాళ్లకి బాగా అర్థమవుతుంది. కొబ్బరి మొద్దులు. మీరు కొబ్బరి మానుని గొడ్డలితో కొట్టి చూశారా ఎప్పుడైనా? టేకు అయితే చీలుతుంది. కొబ్బరి చీలదు, పీచు, గొడ్డలిని మింగేస్తుంది. గుండు తగిలినా అంతే. కొబ్బరి మొద్దులు రెండు మూడు వరసలు, వాటి మీద కాంక్రీటు, ఉక్కు, దాని మీద పగడపు ఇసుక అడుగుల కొద్దీ మేట. బయట్నుంచి చూస్తే చిన్న ఇసుక దిబ్బ. లోపల మెషిన్ గన్. ఒకదాని ముందు నుంచి వెళ్తే పక్కదాని గన్‌కి అడ్డంగా దొరికేలా అమర్చారు. కమాండర్ రియర్ అడ్మిరల్ షిబజాకి, పది లక్షల మంది వందేళ్లు కొట్టినా ఈ దీవి పడదు అన్నాడని చెప్తారు. ఒడ్డు వెంట మళ్లీ కొబ్బరి మొద్దుల గోడ, నాలుగడుగుల ఎత్తు. లోపల మనుషులు సుమారు 4,700 మంది. అందులో సైనికులు సగం కంటే కొంచెం ఎక్కువ, మిగతావాళ్లు కట్టుబడి పనివాళ్లు, వాళ్లలో పన్నెండొందల మంది దాకా కొరియా నుంచి తెచ్చిన కూలీలు. ఈ కొరియా కూలీల సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తా.

ఇప్పుడు అసలు విషయం. నీళ్లు.

దీవి చుట్టూ నీళ్లలో పగడపు రీఫ్ ఉంటుంది. అంటే నీళ్ల కింద ఒక అరుగు లాంటిది. ఒడ్డు నుంచి ఐదారొందల గజాల దాకా ఆ అరుగే. దాని మీద నీళ్లు పోటుకి పెరుగుతాయి, పాటుకి తగ్గుతాయి. అమెరికన్ల దగ్గర మనుషుల్ని దించే పడవలు, హిగ్గిన్స్ బోట్లంటారు, ముందు తలుపు కిందికి పడి ర్యాంప్ అవుతుంది, సినిమాల్లో చూసే ఉంటారు. అది నిండా మనుషులతో ఉంటే దాని కింద నాలుగడుగుల నీళ్లు ఉండాలి. మూడున్నర ఉన్నా కష్టమే. మరి ఆ రోజు అరుగు మీద ఎన్ని నీళ్లుంటాయి? ఇదండి మొత్తం ప్రశ్న. వేల మంది మనుషులు, బ్యాటిల్‌షిప్‌లు, విమానాలు, అన్నీ ఆ ఒక్క ప్రశ్న మీద ఆధారపడ్డాయి, ఆ ప్రశ్నకి గ్యారంటీగా జవాబు చెప్పగలిగే టైడ్ టేబుల్ ఒక్కటి వాళ్ల దగ్గర లేదు. ఉన్న చార్టులు పాతవి.

ఆ దీవుల్లో అంతకుముందు కాపురమున్న బ్రిటిష్, న్యూజిలాండ్ వాళ్లని కొంతమందిని పిలిపించి అడిగారు. ఎక్కువమంది ఐదడుగులు ఉంటాయండి, పర్లేదు అన్నారు. ఒకాయన మాత్రం, ఫ్రాంక్ హాలండ్ అని, అక్కడ పదిహేనేళ్లు ఉన్నాడు, నీళ్లు గమనించే అలవాటు ఉన్నవాడు, ఆయన అడ్డం తిరిగాడు. ఆ రోజుల్లో మూడడుగులు కూడా ఉండవు, పడవలు తన్నేస్తాయి అన్నాడు. చూశారా, మా సరంగే. ప్రతి కథలోనూ ఒక సరంగు ఉంటాడు, ఆయన మాట వినేలోపు ఏజెంటు తొందరపడతాడు.

పూర్తిగా వినలేదు అనడం కూడా తప్పేనండి. డివిజన్ కమాండర్ జూలియన్ స్మిత్ విన్నాడు, తన మనుషులకి సగం సగం ఛాన్సు, నడవాల్సి రావచ్చు అని చెప్పాడు కూడా. ఇంకో పని చేశారు. ఆమ్‌ట్రాక్ అని ఒక బండి, కింద ట్యాంకులాగా చైన్లుంటాయి, నీళ్లలో ఈదుతుంది, రీఫ్ వస్తే దాని మీద ఎక్కి పాక్కుంటూ పోతుంది. అది అప్పటిదాకా సామాను మోసే బండే, దాన్ని యుద్ధంలో ముందు వరసలో వాడిందే లేదు. పై జనరల్ హాలండ్ స్మిత్, ఈయన వేరు, ఆయన వేరు, ఇంటిపేర్లతో తికమక పడకండి, నేవీ వాళ్లతో గొడవేసుకుని ఆ బళ్లు లేకపోతే ఈ పనే లేదు అని తెప్పించాడు. మొత్తం 125 బళ్లు. మొదటి మూడు వరసల మనుషులకి సరిపోతాయి. నాలుగో వరస నుంచి? హిగ్గిన్స్ బోట్లే. నీళ్లు ఉంటే వస్తారు, లేకపోతే...

మరి ఇంకో రోజు వెళ్లొచ్చు కదా, పోటు పెద్దగా వచ్చే పౌర్ణమికో అమావాస్యకో? మంచి ప్రశ్న, నేనూ అనుకున్నా. కానీ పైనుంచి తేదీల ఒత్తిడి, ఆ తర్వాత మార్షల్స్‌కి వెళ్లాలి, ఓడలు అక్కడ ఎక్కువ రోజులు ఉంటే సబ్‌మెరైన్లు వస్తాయి. ఆ భయం ఉత్తిది కాదు, నవంబర్ 24న మేకిన్ దగ్గర లిస్కోమ్ బే అనే విమానాలు మోసే ఓడని జపాన్ సబ్‌మెరైన్ ముంచింది, 644 మంది పోయారు, ఒక్క ఓడలో.

ముందు మూడు గంటలు ఓడల మీద నుంచి ఫిరంగులు. సుమారు మూడు వేల టన్నుల గుళ్లు ఆ మూడొందల ఎకరాల మీద. నేవీవాళ్లు దీవిని తుడిచిపెట్టేస్తాం అన్నారట, దానికి జూలియన్ స్మిత్, మీకు ఇనప కవచం ఉందయ్యా, మావాళ్లకి ఉన్న కవచం ఖాకీ చొక్కా ఒక్కటే అన్నాడు. పొగ చూస్తే నిజంగా దీవి లేదు అనిపించింది అందరికీ. కానీ ఫిరంగి గుళ్లు దగ్గర నుంచి, అడ్డంగా, పల్లంగా వస్తే ఏమవుతుంది? ఇసుక దిబ్బ మీద జారి అవతల సముద్రంలో పడతాయి. పైనుంచి నిటారుగా పడితే కప్పు చీలుతుంది. ఆ తేడా ఆ రోజు తెలీదు. కానీ ఒక లాభం జరిగింది, జపాన్‌వాళ్ల టెలిఫోన్ తీగలు నేల మీదే ఉన్నాయి, అవన్నీ తెగిపోయాయి. అది తర్వాత చాలా ఉపయోగపడింది.

దిగడానికి లగూన్ వైపు, ఉత్తరం ఒడ్డు ఎంచుకున్నారు. తెలివైన పనే. దక్షిణం, పడమర వైపు వస్తారని జపాన్ అనుకుని మైన్లు అక్కడ దట్టంగా పెట్టింది, ఉత్తరం వైపు ఆ పని ఇంకా పూర్తి కాలేదు. కానీ 1943 నవంబర్ 20 పొద్దున టైము అంతా చెడిపోయింది. ఓడలు ఆగిన చోటు తప్పు, ఒడ్డు గన్‌లకి అందేచోట ఆగాయి, మళ్లీ జరగాల్సి వచ్చింది. విమానాలు ఆలస్యం. ఆమ్‌ట్రాక్‌లు అలలకి ఎదురీదుతూ ఆలస్యం. ఎనిమిదిన్నరకి దిగాల్సింది తొమ్మిదికి మార్చారు, అప్పటికీ రాలేదు. పొగలో ఏమీ కనపడక, మన మనుషులకే తగుల్తాయేమో అని అడ్మిరల్ ఫిరంగులు ఆపించేశాడు, మొదటి బళ్లు ఒడ్డుకి చేరేసరికి తొమ్మిదీ పది. ఆ మధ్యలో ఒక పావుగంట. మీరే చెప్పండి, దిబ్బల్లో దాక్కున్నవాడికి పావుగంట చాలదా బయటికొచ్చి గన్ ఈ వైపుకి తిప్పుకోవడానికి?

అయినా మొదటి మూడు వరసలు ఒడ్డుకి చేరాయి. ఆమ్‌ట్రాక్‌లు రీఫ్ ఎక్కేశాయి, కొన్ని కాలిపోయాయి, ఎక్కువ చేరాయి. వెనకాల హిగ్గిన్స్ బోట్లు వచ్చి రీఫ్ అంచుకి తగిలి ఆగాయి. ర్యాంప్ పడింది. అక్కడ్నుంచి నడక.

ఈ నడక గురించి కొంచెం నెమ్మదిగా చెప్పనివ్వండి. ఐదొందల నుంచి ఏడొందల గజాలు. మన బీచ్‌లో నీళ్లలో యాభై గజాలు నడవండి ఒకసారి, చేతిలో ఏం లేకుండా. నడుము దాకా నీళ్లు, కింద పగడం, గుంటలు, బాంబులకి పడ్డ గోతులు, అడుగేస్తే తల మునుగుతుంది. వీపున బరువు, తుపాకీ తలపైకి ఎత్తి పట్టుకోవాలి. పరిగెత్తలేరు. వంగితే మునుగుతారు, లేస్తే గుండు. మూడు వైపుల నుంచి మెషిన్ గన్‌లు. ఒక కొయ్య జెట్టీ ఉంది, ఐదొందల గజాల పొడవు, దాని స్తంభాల చాటున చాలామంది బతికారు. ఒక బెటాలియన్ కమాండర్, ఏమీ అని, లెఫ్టినెంట్ కల్నల్, నీళ్లలోనే పోయాడు. అప్పుడు ఆ బెటాలియన్ని ఎవరు నడిపారో తెలుసా? చూడ్డానికి వచ్చిన ఇంకో డివిజన్ ఆఫీసరు.

రేడియోలు తడిసి చచ్చాయి. ఉప్పునీళ్లు పడితే ఏ సెట్టు పనిచేస్తుందండి, మా వాకీటాకీలు వానకే మూగబోయేవి. పెద్ద కమాండరు మేరీలాండ్ అనే బ్యాటిల్‌షిప్ మీద ఉన్నాడు, అది పెద్ద ఫిరంగులు పేల్చినప్పుడల్లా ఆ అదురుకి దాని రేడియోలే పడిపోతున్నాయి. అంటే ఒడ్డు మీద ఏం జరుగుతోందో ఓడకి తెలీదు, ఓడ ఏం పంపుతోందో ఒడ్డుకి తెలీదు.

ఒడ్డు మీద మొత్తం బాధ్యత డేవిడ్ షూప్ అనే కల్నల్‌ది, 38 ఏళ్లు. విచిత్రం ఏంటంటే ఈ ప్లాన్ వేసినవాళ్లలో ఆయన ఒకడు, దించాల్సిన రెజిమెంట్ ఆఫీసరుకి జబ్బు చేస్తే నువ్వే వెళ్లు అన్నారు. ప్లాన్ వేసినవాడినే దాంట్లో దింపారు, ఇలా జరగడం నాకు బాగా నచ్చుతుంది, మన ఆఫీసుల్లో కూడా జరిగితే బాగుండు. ఆయన కూడా జెట్టీ పక్కన నీళ్లలో నడిచే వచ్చాడు, కాలికి దెబ్బ తగిలింది. ఒక జపాన్ బంకరు గోడకి ఆనుకుని ఆఫీసు పెట్టాడు. బంకరు లోపల జపాన్‌వాళ్లు ఇంకా ఉన్నారండి! లోపల వాళ్లు, బయట వీళ్లు, తలుపుల దగ్గర కాపలా పెట్టి పని చేసుకున్నాడు.

నీళ్లు నాలుగడుగులు లేవు, గోడ మాత్రం నాలుగడుగులుంది. ఆ గోడ కింద మెరైన్లు పడుకుని ఉన్నారు, తల ఎత్తితే పోతారు. మొదటి రోజు ఐదు వేల మంది దిగారు, పదిహేనొందల మంది చచ్చిపోయారు లేదా గాయపడ్డారు. కొన్నిచోట్ల ఒడ్డు నుంచి లోపలికి చొచ్చింది డెబ్భై గజాలు. ఆ రాత్రి జపాన్ ఎదురు దాడి చేసుంటే? గోడ కింద ఉన్నవాళ్లని సముద్రంలోకి తోసేసేవాళ్లు. అందరూ తెల్లార్లూ దానికోసమే ఎదురుచూశారు. దాడి రాలేదు.

ఎందుకు రాలేదు? చాలా ఏళ్లు సరిగ్గా తెలీదు. షిబజాకి మొదటి రోజు మధ్యాహ్నమే చచ్చిపోయాడు. తన గట్టి కాంక్రీటు కమాండు పోస్టుని గాయపడినవాళ్లకి హాస్పిటల్‌కి ఇచ్చేసి, ఇంకో చోటికి మారుతూ స్టాఫ్‌తో బయటికొచ్చినప్పుడు ఓడ నుంచి వచ్చిన షెల్ వాళ్ల మధ్యలో పడింది. టెలిఫోన్ తీగలు ముందే తెగిపోయాయి. ఎవరి దిబ్బలో వాళ్లు, చివరిదాకా పోరాడదామని ఉన్నారు గానీ, కలిసి కదలమని చెప్పేవాడు లేడు. దీవి పోయింది ఆ రాత్రే అని నా అభిప్రాయం, తర్వాత రెండు రోజులూ దాని కర్మకాండే.

అయితే ఆ రెండు రోజులు తేలిక కాదు. రెండో రోజు పొద్దున రిజర్వు బెటాలియన్ వచ్చింది, మళ్లీ అదే రీఫ్, అదే నడక, మొదటి రోజు కంటే ఘోరం. నీళ్లు పెరగలేదు. పెరగవు, చిన్న పోటు రోజులు ఒక్కరోజుతో పోవు కదా. మరి గెలుపు ఎక్కడ మొదలైంది? పడమటి కొసన. మేజర్ మైకేల్ ర్యాన్ అని ఒకాయన, ఆయన దగ్గర ఒక పూర్తి కంపెనీ లేదు, చెల్లాచెదురైన వేరే వేరే యూనిట్ల వాళ్లు, దారి తప్పినవాళ్లు, ఎవరు దొరికితే వాళ్లని పోగేశాడు. రెండు ట్యాంకులు, ఓడతో మాట్లాడే ఒక మనిషి దొరికారు. ఓడ ఫిరంగి ఒక్కో దిబ్బని కొడుతుంటే వెనకాలే వెళ్లి పడమటి ఒడ్డు అంతా ఊడ్చేశాడు. ఆ సాయంత్రం ఆ ఒడ్డున ఒక బెటాలియన్, మేజర్ జోన్స్‌ది, రబ్బరు పడవల్లో దాదాపు దెబ్బ తగలకుండా దిగింది. ఆ మధ్యాహ్నమే షూప్ పంపిన మెసేజ్ ఫేమస్, గాయాలు చాలా, చచ్చినవాళ్ల శాతం తెలీదు, పోరాట శక్తి సంగతి, మనం గెలుస్తున్నాం. అంతే, పొట్టిగా.

బంకర్లు ఎలా తీశారు అని అడిగారు ఇందాక బయట ఒకబ్బాయి. ఒక్కో దిబ్బకీ ముగ్గురు నలుగురు. ఒకడు కంత మీదకి ఆపకుండా కాలుస్తాడు, లోపలివాడు తల పెట్టకుండా. ఇంకొకడు పక్కనుంచి, గన్ తిరగని మూల నుంచి, టీఎన్‌టీ అనే పేలుడు మందు ముద్ద పట్టుకుని పాకుతూ వస్తాడు. వెనకాల ఫ్లేమ్ త్రోయర్, నిప్పు చిమ్మే గొట్టం, వీపున ట్యాంకుతో. అవి చాలినన్ని లేవు, తర్వాత అందరూ అదే మొత్తుకున్నారు. ఆఖర్న బుల్‌డోజర్ వచ్చి ఇసుక నెట్టి కంత మూసేస్తుంది. చూడండి, ఇది తుపాకీ యుద్ధం కంటే కట్టడాలు కూల్చే మేస్త్రీ పని. ఇంజినీర్లు లేకపోతే ఈ దీవి వచ్చేది కాదు. హాకిన్స్ అనే లెఫ్టినెంట్, జెట్టీ మొదట క్లియర్ చేసింది ఆయన మనుషులే, రెండో రోజు గాయాలతోనే ఒక్కో దిబ్బలో గ్రెనేడ్లు వేసుకుంటూ పోయి చచ్చిపోయాడు, ఎయిర్‌స్ట్రిప్‌కి ఆయన పేరే పెట్టారు. మూడో రోజు బానిమన్ అని ఇంకో లెఫ్టినెంట్, అన్నిటికంటే పెద్ద ఇసుక దిబ్బ మీదకి ఎక్కి, పైన గాలి గొట్టాల్లోంచి నిప్పు, మందు వేయించాడు. లోపలున్నవాళ్లు గుంపుగా బయటికి పరిగెత్తారు. ఆయన ఆ దిబ్బ మీదే పోయాడు.

నవంబర్ 22 రాత్రి మిగిలినవాళ్లు బంజాయ్ దాడి చేశారు, అరుచుకుంటూ చీకట్లో గుంపుగా మీద పడటం. జోన్స్ బెటాలియన్ మీద పడ్డారు, ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. దిబ్బల్లో ఉండిపోయుంటే ఇంకో రెండు మూడు రోజులు పట్టేది, బయటికొచ్చారు, పొద్దున్నకి అయిపోయింది. 23 మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అయిపోయింది అని ప్రకటించారు.

లెక్క చెప్పి ముందుకెళ్తా. అమెరికన్లు వెయ్యి మందికి పైన పోయారు, రెండు వేల మందికి పైన గాయాలు. 125 ఆమ్‌ట్రాక్‌లలో తొంభై దాకా పోయాయి. జపాన్ సైనికుల్లో ప్రాణాలతో దొరికింది 17 మంది. కొరియా కూలీలు 129 మంది. గుర్తు పెట్టుకోమన్నాను కదా. పన్నెండొందల మందిలో 129. వాళ్లు ఆ దీవి కాపాడ్డానికి రాలేదు, మొద్దులు మొయ్యడానికి తెచ్చారు. ఏ పుస్తకంలో చూసినా వాళ్లకి ఒక్క వాక్యం ఉంటుంది. పేర్లుండవు. నాకది ఎందుకో గుచ్చుకుంటుంది, మా బార్జీల మీద కూలీల పేర్లు కూడా రిజిస్టర్లో "మనుషులు 40" అనే ఉండేది.

అమెరికాలో జనం అదిరిపోయారు. గ్వాడల్‌కనాల్ అనే ఇంకో దీవిలో ఆరు నెలలు కొట్టుకున్నారు, ఇక్కడ మూడు రోజుల్లో ఇంతమందా అని. నీళ్లలో తేలుతున్న శవాల ఫోటోలు బయటికొచ్చాయి. నా కొడుకుని తరావాలో నువ్వు చంపావు అని ఒక తల్లి నిమిట్జ్‌కి ఉత్తరం రాసింది. హాలండ్ స్మిత్ తర్వాత అసలు ఆ దీవిని వదిలేసి పక్కనుంచి పోవాల్సింది అన్నాడు. నిమిట్జ్ ఒప్పుకోలేదు. నన్నడిగితే? వదిలేసి ఉంటే ఇంకో రీఫ్ దగ్గర, ఇంకో దీవిలో ఇదే పాఠం నేర్చుకునేవాళ్లు, ఎక్కడో ఒకచోట ఈ ఫీజు కట్టక తప్పేది కాదు. కానీ అది కాకినాడలో ఫ్యాను కింద నిలబడి నేను చెప్పే మాట, ఆ తల్లికి చెప్పే మాట కాదు.

నేర్చుకున్నారా అంటే చాలా తొందరగా నేర్చుకున్నారు, దానికి మెచ్చుకోవాలి. బేషియో బంకర్లని కొలతలు తీసుకెళ్లి, హవాయిలో కహూలవే అనే దీవి మీద అచ్చం అలాంటివే కట్టి, ఏ ఫిరంగి ఎక్కడ్నుంచి ఎలా కొడితే చీలుతుందో ప్రాక్టీసు చేశారు. ఆమ్‌ట్రాక్‌లకి కవచం, గన్‌లు పెట్టి వందల కొద్దీ చేశారు. కమాండరు కోసం ఫిరంగులు లేని, రేడియోలు నిండా ఉన్న ఓడలు వేరే పెట్టారు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఈతగాళ్లు. చెడ్డీ, కళ్లద్దాలు, అంతే, దాడికి ముందు మనుషుల్ని పంపి నీళ్లు కొలిపించడం. 1944 జూన్‌లో సైపాన్ అనే దీవి దగ్గర చేపలు పట్టే దారానికి ముడులేసుకుని, చివర సీసం గుండు కట్టుకుని, పట్టపగలు రీఫ్ మీద ఈదుతూ ఎక్కడ ఎన్నడుగులో కొలిచారు. చూశారా? ఇంత పెద్ద నేవీ ఆఖరికి దారం, గుండు దగ్గరికొచ్చింది. మనవాళ్లు తెప్ప మీద చేసే పనే.

అవతలివాళ్లు కూడా నేర్చుకున్నారండి, అది మర్చిపోతారు చాలామంది. ఒడ్డు దగ్గరే ఆపాలి, బంజాయ్ దాడులు చెయ్యాలి అనే పద్ధతి పనిచెయ్యదని జపాన్‌కి అర్థమైంది. 1944 సెప్టెంబర్ 15న పెలెలియు అనే దీవికి వెళ్లేసరికి కథ మారిపోయింది. కల్నల్ నకగావా అని ఒకాయన కొండ గుహల్లో వందల కొద్దీ స్థావరాలు పెట్టుకుని, ఒడ్డున కొంచెం కొట్టి, లోపలికి రానిచ్చి, అప్పుడు కొట్టాడు. బంజాయ్ లేదు. అమెరికన్ జనరల్ మూడు నాలుగు రోజుల పని అన్నాడు, రెండు నెలలు దాటింది. అక్కడ కూడా నీళ్లే చంపాయి, ఈసారి తాగే నీళ్లు. ఎండ నలభై ఆరు డిగ్రీలు, తాగే నీళ్లు పంపింది ఆయిల్ డ్రమ్ముల్లో, సరిగ్గా కడగని డ్రమ్ములు. తాగి కక్కుకున్నారు. ఆ దీవి ఇంకో రోజు చెప్పుకుందాం, టైము లేదు.

మళ్లీ నా అష్టమి దగ్గరికొస్తా. ఆ రోజు నీళ్లు ఎందుకు రాలేదు అనేది నలభై ఏళ్ల పైన ఎవరూ సరిగ్గా తేల్చలేదు. విధి అన్నారు, విచిత్రమైన పోటు అన్నారు. 1987లో టెక్సస్‌లో డొనాల్డ్ ఓల్సన్ అనే ఆయన, ఖగోళ శాస్త్రం చెప్పే ప్రొఫెసరు, చంద్రుడి లెక్క వేశాడు. ఏం తేలిందంటే, ఆ రోజు చంద్రుడు సగం, అంటే సూర్యుడి లాగుడుకి అడ్డంగా ఉన్నాడు, దానికి తోడు దాదాపు అప్పుడే భూమికి దూరంగా కూడా ఉన్నాడు. రెండూ ఒకేసారి. అందుకని పోటుకీ పాటుకీ తేడా లేకుండా నీళ్లు రెండు రోజులు అలా నిలబడిపోయాయి.

నేను ఇంటికెళ్లి పాత పంచాంగం లెక్క కట్టించా, మా వీధిలో పంతులుగారితో. స్వభాను సంవత్సరం, కార్తీక మాసం. కార్తీక పౌర్ణమి వెళ్లి ఎనిమిది రోజులు. బహుళ అష్టమి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆఁ, అక్కడ వెనకాల... ఇప్పుడు ఏముంది అక్కడ అంటున్నారు. ఇప్పుడు ఇరుకైన ఊరు, వేల మంది ఉంటున్నారు, ఇళ్ల మధ్యనే ఆ బంకర్లు, పిల్లలు వాటి మీద ఆడుకుంటారు. పెద్ద ఎనిమిది అంగుళాల ఫిరంగులు తుప్పు పట్టి ఇంకా ఉన్నాయి. అవి సింగపూర్‌లో బ్రిటిష్‌వాళ్ల దగ్గర లాక్కున్నవి అని చాలాకాలం చెప్పుకున్నారు, కాదు, బ్రిటన్ కంపెనీ విక్కర్స్ ఎప్పుడో రష్యా జపాన్ యుద్ధం నాడే జపాన్‌కి అమ్మినవి, డబ్బులు కట్టి కొన్నవే. ఇంకోటి, పాతిపెట్టినవాళ్లు చాలామంది ఎక్కడున్నారో తెలియకుండా పోయింది, సమాధుల మీదే యుద్ధం తర్వాత కట్టడాలు లేచాయి. ఇందాక చెప్పానే బానిమన్, ఇసుక దిబ్బ మీద పోయినాయన, ఆయన 2015లో దొరికాడు, నోట్లో బంగారు పన్నుతో గుర్తుపట్టారు, మనవడు అక్కడే ఉన్నాడు తవ్వుతున్నప్పుడు. 72 ఏళ్ల తర్వాత ఇంటికి తీసుకెళ్లారు.

ఇంకేమైనా? ఏంటమ్మా... అవును, పాటుకి నీళ్లు తగ్గినప్పుడు ఆ రీఫ్ మీద ఆమ్‌ట్రాక్‌ల ఇనుము ఇప్పటికీ బయటపడుతుంది. సరే, టీ వచ్చినట్టుంది, చల్లారకముందే తాగుదాం.